మేకలు కాసే పిల్ల బొమ్మ

మా పనిగదిలో ఇవాళ మళ్లీ చింతగింజల బంక ఉడుకుతున్న వాసన. సినిమాల కోసం కదిలే బొమ్మలు చేయడం నా వృత్తి. ఇన్నేళ్లూ రబ్బరుతో, ప్లాస్టిక్‌తో చేయించుకున్నవాళ్లే ఇప్పుడు మట్టిలో కలిసిపోయే సరుకుతో చేయమంటున్నారు. పొయ్యి ముందు నిలబడి కలుపుతుంటే నడుం లాగుతోంది. మనసు మాత్రం నిర్మల్‌లో మా పెద్దమ్మ ఇంటి వసారాకు పోతోంది.

ఎనభైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవులన్నీ ఆ వసారాలోనే గడిచాయి. మామిడికాయ తొక్కుతో జొన్నరొట్టె తిని, పెద్దమ్మ బొమ్మల కోసం పొనికి కర్ర చెక్కుతుంటే రాలే తేలికైన పొట్టును పిల్లలం దోసిళ్లతో ఎగరేసేవాళ్లం. ఆమె ఆ పొట్టునే ఎత్తి, చింతగింజల బంకలో కలిపి, బొమ్మలకు ముక్కూ చెంపలూ దిద్దేది. ఆ ఏడు ఆమె తమ్ముడు, మా మామ, పాత సినిమా కెమెరా ఒకటి తెచ్చి, బొమ్మను ఇసుమంత కదుపుతూ ఒక్కో ఫోటో తీసి సినిమా చేస్తానన్నాడు. పెద్దమ్మ మేకలు కాసే పిల్లను, ఒక మేకను చేసింది. మైనం రుద్దిన నూలుదారంతో కీళ్లు బిగిస్తే పిల్ల చెయ్యి ఎక్కడ ఆపితే అక్కడే ఆగేది. ఇరవై రోజుల్లో ఆ పిల్ల ఇసుక బాట మీద సగం దూరం నడిచింది.

ఒక మధ్యాహ్నం పెద్దలు కునుకు తీస్తుండగా, పక్కింటి పిల్లలకు చూపించాలని బొమ్మను దాచిన సందుగ పెట్టె తెరిచాను. మళ్లీ మూత వేయడం మరిచాను. తెల్లారి చూస్తే ఎలుకలు బొమ్మ ముఖమంతా కొరికేశాయి.

"ఎవలు తెరిచిండ్రు?" మామ అడిగాడు.

నేను నోరు విప్పేలోపే పెద్దమ్మ అందుకుంది. "నేనేరా తమ్మీ. జర గాలి తగుల్తదనుకున్న, యాది మర్సిన."

మామ ఆమెను ఎన్నడూ అనని మాటలన్నాడు. ఆమె తల ఎత్తలేదు. తర్వాత వంటింట్లో నా తల నిమిరి, "ఏడ్వకు బిడ్డా. తినేటివాటితోనే జేస్తిమి, తినయా మరి?" అంది.

మళ్లీ మూడు ముఖాలు చేసింది. ఒక్కటీ మొదటి పిల్లలా రాలేదు. సెలవు అయిపోయి, సగంలో ఆగిన రీలుతోనే మామ వెళ్లిపోయాడు, చాలా ఏళ్లు అక్కతో సరిగా మాట్లాడలేదు. రేపు నిజం చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే నేను పెద్దదాన్నయ్యాను.

ఇప్పుడు ఆ వసారా లేదు, అక్కడ సిమెంటు దుకాణం. పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. పోయినేడు మామ ఆ రీలు నా చేతిలో పెట్టినప్పుడు, మూత తెరిచింది నేనేనని చెప్పాను.

"గప్పుడే చెప్పకపోతివి బిడ్డా," అన్నాడు.

ఇద్దరం కూర్చుని ఆడించి చూశాం. పట్టుమని నిమిషం కూడా లేదు. పిల్ల నడుస్తుంది, వంగుతుంది, మేకను అదిలిస్తుంది. చేసిన మనిషి మాత్రం తెర మీద ఆ నడకను ఒక్కసారీ చూడలేదు.