‘కొత్తది’ అని రాసి ఉన్న పాతది

ఏ ఊరు వెళ్ళినా కచేరీ మెట్ల పక్కన అర్జీలు రాసిపెట్టే మనిషి ఒకడు తగులుతాడు. ఎండైనా వానైనా వాడి బల్ల కదలదు. ఈ అర్జీల మామయ్య మాత్రం తన ఇంటి ముందు గదిలోనే బల్ల వేశాడు. ప్రతి పనికీ కాగితం ఉండాలి, ప్రతి వస్తువుకూ చీటీ ఉండాలి అన్నది ఆయన పట్టుదల. అంటించిన చీటీని మార్చడమంటే రికార్డు దిద్దడమే, నేరమే. అందుకే చువ్వలు బయటికొచ్చిన గొడుగు మీద పద్నాలుగేళ్ళుగా ‘కొత్త గొడుగు’ అని ఉంది. మొన్న కొన్న గొడుగుకు చీటీయే లేదు. కొత్త గొడుగు అప్పటికే ఒకటి ఉందాయె.

ఒక ఉదయం కంప్యూటరులో చోటు నిండిపోయి, టైపు చేసిన అర్జీ సేవ్ కానని భీష్మించింది. కంప్యూటర్లు బాగుచేసే మేనకోడలికి కబురెళ్ళింది.

"డిస్కు రెండు భాగాలుగా ఉంది మామయ్యా. నువ్వు వాడే సిస్టమ్ ఒక దాంట్లో ఉంది. ఎప్పుడో మానేసిన సిస్టమ్ రెండోదాంట్లో కాళ్ళు చాపుకుని పడుకుంది. దాన్ని తుడిచేస్తే సరి."

"తుడువు. కానీ నా నాలుగు వందల పన్నెండు అర్జీలకు దెబ్బ తగిలిందో, ఈ వీధిలో తల ఎత్తుకోలేను. వాటికి నకళ్ళు లేవు."

తెర మీద రెండు పేర్లున్నాయి: పాతది, కొత్తది. ఆమె వేలు ‘పాతది’ మీదికి వెళ్ళింది.

"పేర్లు నేనే పెట్టాను. నిక్షేపంగా కొట్టెయ్."

ఆమె చూపు తలుపు పక్కన వేలాడుతున్న గొడుగు మీద పడింది. వేలు ఆగింది. ‘పాతది’ తెరిచింది. నిన్నటి అర్జీతో సహా నాలుగు వందల పన్నెండూ అందులోనే ఉన్నాయి. ‘కొత్తది’లో ఆఖరి ఫైలుకు తొమ్మిదేళ్ళు.

"మామయ్యా, ఇదేంటి?"

"అది పెట్టిన రోజున కొత్తదే. తర్వాత పాడైతే, మెకానిక్ ఇంకో సిస్టమ్ తెచ్చి ‘పాతది’లో పెట్టాడు. అంతమాత్రాన పేరు మారుస్తానా?"

"చీటీ తప్పు కదా."

"చీటీ తప్పు కాదు. రోజులు గడిచాయి, అంతే."

ఆమె అర్జీలన్నీ విడి డిస్కులోకి ఎక్కించింది. ఎక్కితే చాలదని పది తెరిచి చదివింది. మిషను లేచేటప్పుడు ముందుగా వెతికే ఫైళ్ళు ‘కొత్తది’లో ఉన్నాయని తేలితే, వాటిని ‘పాతది’లో పెట్టి, రెండుసార్లు ఆపి, లేపి చూసింది. ఈలోగా మామయ్య ‘తుడిచివేతకు అనుమతి కోరుతూ’ అని తన పేరనే ఒక అర్జీ రాసుకుని, పరిశీలించి, మంజూరు చేసుకుని, ముద్ర కొట్టాడు. అప్పుడే ‘కొత్తది’ని తుడవనిచ్చాడు.

ఉదయపు అర్జీ సేవ్ అయింది. తుడిచిన భాగానికి ఏం పేరు పెట్టాలని కంప్యూటరు అడిగింది.

"ఖాళీ అని పెట్టు మామయ్యా."

"రేపు నిండితే రికార్డు దిద్దమంటావా?" అని ఆయన ‘కొత్తది’ అని కొట్టాడు.

బయట చినుకులు మొదలయ్యాయి.

"కొత్త గొడుగు పట్టుకెళ్ళవే."

మేనకోడలు రెండు గొడుగులూ విప్పి చూసి, చీటీ లేనిది పట్టుకుని గడప దాటింది.