చేతకాదని రాసింది నేనే

ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. నేనెవరో తెలియని మీకు చెప్పడమే తేలికగా ఉంది. అదీ పిరికితనమేనేమో.

నేను మెదడు మీద పరిశోధన చేస్తాను. మా లోకంలో మనిషి విలువంతా సైటేషన్లలోనే. అంటే, మనం రాసిన పేపర్‌ను తోటి శాస్త్రవేత్తలు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారన్న లెక్క. ఆ లెక్కలో నేను పెద్దవాణ్ణే. శాలువా కప్పిన ప్రతిచోటా ఒక పేపర్‌ను తప్పకుండా తలుచుకుంటారు. వయసు మళ్ళినా సముద్రంలో దారి తప్పని జాలర్ల జ్ఞాపకశక్తి మీద రాసింది అది. చప్పట్లు మోగుతాయి. నాకు మాత్రం అక్కణ్ణుంచి పారిపోవాలనిపిస్తుంది.

ఆ ఆలోచన నాది కాదు. అప్పలరాజుది.

రాజు ల్యాబ్‌లో నా జూనియర్. ఆనందపురం దగ్గర రైతుల ఇంటి పిల్లాడు. మాది పోర్టు ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. ఏ చుట్టరికమూ లేకపోయినా మొదటిరోజే నన్ను బావా అన్నాడు. పడవలు ఒడ్డుకు చేరే వేళకు జాలరిపేట వెళ్ళి, ముసలి జాలర్లను బతిమాలి పరీక్షలకు కూర్చోబెట్టేవాడు. ఫలితాలన్నీ రాసి ఒక సైన్సు పత్రికకు పంపాడు.

ఆ పత్రికవాళ్ళు, వేసుకోవచ్చో లేదో అభిప్రాయం చెప్పే రివ్యూయరుగా దాన్ని నాకే పంపారు. రాసినవాడి పేరు నాకు కనిపిస్తుంది, నా పేరు అతనికి కనిపించదు. తెలిసినవాడిదైతే తప్పుకోవాలి. నేను తప్పుకోలేదు.

చదువుతుంటే కడుపు మండిపోయింది. అంత బాగుంది. అన్నేళ్ళుగా నేను రాసినవాటిని పట్టించుకున్న నాథుడు లేడు, నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఇంత మంచి ఆలోచన ఎలా వచ్చిందని కుళ్ళుకున్నాను. చిన్నచిన్న లోపాలున్నాయి, దిద్దుకోగలిగినవే. వాటిని కొండంత చేశాను. ఈ పనికి కావలసిన సామర్థ్యం రచయితకు లేదని రాశాను. ఎందుకలా రాశాను? ప్రమాణాల కోసమని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత తేలిగ్గా నమ్మేశానో!

పేపర్ తిరిగొచ్చింది. రాజు నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఎవడో రివ్యూయరు బావా, నాకు సేతకాదని రాసీసినాడు. మా ఇంటిదానికి ఏటని సెప్పను? నువ్వు సెప్పు, నిజంగా నాను పనికిరానా?"

అప్పుడైనా చెప్పొచ్చు. కనీసం, వాడి మొహం, వాడికేం తెలుసు, మళ్ళీ పంపు అనొచ్చు. నా నోటివెంట వేరే మాట వచ్చింది.

"అతనన్నదాంట్లో కొంత నిజముంది రాజూ. నీ కష్టం వృథా కాకుండా నేను చూస్తాలే."

"నువ్వే అలగంటే ఇంకేటుంది బావా," అన్నాడు.

తనే నన్ను జాలరిపేట తీసుకెళ్ళి, మా బావ, నాకంటే పెద్ద సైంటిస్టు అని అందరికీ పరిచయం చేశాడు. రాజు ఇచ్చిన ఫలితాలకు ఆ జాలర్ల మెదడు స్కాన్లు కలిపి నా పేరుతో పేపర్ వేశాను. పేపర్ చివర్లో నేను ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పానో ఆ జాబితాలో రాజు పేరూ ఒకటి. అది చూసి సంబరపడిపోయాడు. తర్వాత పరిశోధన మానేశాడు. ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతాడు. నన్ను ఎన్నడూ అనుమానించలేదు. అనుమానించి ఉంటే ఈ బరువు కొంత తగ్గేదేమో.

పోయిన నెల కూతురితో ఇంటికొచ్చాడు. ఆ పిల్లకు కాలేజీలో సైన్సు సీటొచ్చింది. ఆశీర్వాదం తీసుకోమని నా కాళ్ళకు దండం పెట్టించాడు. లేచి, ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది.

"మావయ్యా, నాన్నకి రీసెర్చి సేతకానేదంట కదా. నాకూ ఆ బుర్రే వచ్చిందేమోనని బయమేత్తంది."

రాజు నవ్వేశాడు. బాగా చదువుకో అమ్మా అని మాత్రం అన్నాను. ఒక్క అబద్ధం తండ్రిని ముంచి ఊరుకుంటుందనుకున్నాను. అది పిల్లదాకా వచ్చింది.

రాజు దీన్ని చదివితే క్షమిస్తాడా? క్షమించేస్తాడనే నా భయం. నాకది వద్దు. ఇన్నాళ్ళకు ఈ మాట బయటపెట్టాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతవరకే. ఆనాడు రాయాల్సిన అభిప్రాయం ఇప్పుడు రాస్తున్నాను. అప్పలరాజుకు ఆ పని చేతనయింది. నాకంటే బాగా చేతనయింది. అందుకే అతణ్ణి ఆపాను.