పర్వాలేదన్నాను
నర్సాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి, ఫోన్ మాట్లాడుతూ బైకుకు స్టాండు సరిగా వేయలేదు. పంటు కదలగానే అది పక్కనున్న పాత సైకిలు మీద పడింది. సైకిలాయన అటు తిరిగి, ఒక ముసలామె నెత్తి మీంచి బుట్ట దించుతున్నాడు. చప్పుడు విని ఆయన వచ్చేసరికి నేను బైకు లేపుకుంటున్నాను. సైకిలు సీటు కింద పైపు అతుకు దగ్గర విరిగిపోయింది.

“అయ్యయ్యో, నా సైకిలు ఒరిగి మీ బండిని పడేసిందాండీ? ఏమనుకోకండి,” అంటూ ఆయన నాతోపాటు బైకును నిలబెట్టి, భుజం మీది తువ్వాలుతో ట్యాంకు తుడిచాడు.

నిజం చెబుదామనే నోరు తెరిచాను. “పర్వాలేదులెండి,” అన్నాను.

తర్వాత తల దించుకుని అడిగాను. “మీ పైపు విరిగినట్టుందండీ?”

“వెల్డింగు పెట్టిస్తే సరిపోద్దండి. మీ బండికి గీత పడలేదు, అదే చాలు.”

ఏడేళ్లయింది. ఆ నిజం ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పంటు దిగాక, అవతలి ఒడ్డున సఖినేటిపల్లి రేవులో ఆయన సైకిలును భుజానికెత్తుకుని గట్టెక్కుతున్నాడు. వెనక నా బైకు చప్పుడు విని, హారన్ కొట్టకముందే పక్కకు తప్పుకుని నాకు దారిచ్చాడు.