ఖాలా నేర్పిన ఎడమచేయి

పొద్దున్నే ఖాలా కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మీ పోయింది. జర జల్ది రా" అంది. కరీంనగర్‌లో మా గల్లీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టిన, పిన్నీ అన్నట్టు అందరం ఖాలా అని పిలిచే ఆమె ఇక లేదు. నాకు కుట్టుపని నేర్పింది ఆమే. ఏడుస్తూనే చెప్పులేసుకుని బయలుదేరాను.

నాది ఎడమచేతివాటం. ఎడమ చేత్తో ఏది అందుకున్నా మా అవ్వ చేతిమీద ఒక్కటేసేది. "రేపు అత్తగారింట్ల నన్ను తిట్టిపిస్తవా?" అనేది. మీలో ఎడమచేతివాళ్లుంటే ఈ కష్టం చెప్పక్కర్లేదు. పదో తరగతయ్యాక ఖాలా దగ్గర చేరినప్పుడు ఆ భయంతోనే కుడిచేయి వాడాను. నా కుట్లు చూసి ఖాలా, "గీ పిల్ల కుడ్తున్నదా, బట్టను గిచ్చుతున్నదా?" అని నవ్వేది.

ఒకరోజు, వేములవాడలో పెళ్లికని ఒకామె ఇచ్చిన పట్టుగుడ్డను వంకరగా కోసేశాను. ఇక పని మానేస్తానని ఏడ్చి, నా ఎడమచేతి సంగతి చెప్పేశాను. ఖాలా తిట్టలేదు.

"వచ్చిన చెయ్యిని దాసిపెట్టి, రాని చెయ్యితోని కోస్తే గిట్లనే ఐతది బిడ్డా" అంది. తెగినచోట అంచు అతికించి కుట్టింది. పెళ్లిలో అందరూ అదే ఫ్యాషన్ అనుకున్నారట.

మర్నాడు నన్ను పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెట్టింది. "అద్దంల సూసినట్టు నన్ను సూడు. ఫికర్ చెయ్యకు." హైదరాబాదు వెళ్లినవాళ్లతో ఎడమచేతి కత్తెర తెప్పించింది. ఎవరైనా మూతి విరిస్తే, "తొడుక్కొని సూడు, ఏ చెయ్యి కుట్టిందో చెప్పు" అనేది. ఒక్కరూ చెప్పలేకపోయారు. అప్పుడు నా గర్వం చూడాలి! కొలతల టేపు వంటింట్లో కూడా ఆమె మెడలోనే వేలాడేది. ఓసారి పప్పులో మునిగింది కూడా.

ఆమె పోయిన ఆ రోజు ఇంట్లో, ఆమెకు చుట్టే కఫన్‌కు తెల్లబట్ట సిద్ధంగా ఉంది. కూతురు కత్తెర నా ముందు పెట్టింది. నన్ను కోయమంది. కత్తెర ఎడమచేతిలోకి తీసుకోగానే ఓ పెద్దావిడ, "సీధే హాత్ సే, బేటీ" అంది. నిజం చెబుతున్నాను, కుడిచేతికి మార్చబోయాను.

కూతురు కళ్లు తుడుచుకుని, "వద్దు. అక్క కుడిచేత్తోని కోస్తే అమ్మీ లేసి కూసుంటది" అంది.

ఏడుపులోనే అందరం నవ్వాం, ఆ పెద్దావిడ కూడా. ఆవిడే ముందుకు జరిగి బట్ట రెండో కొస బిగించి పట్టుకుంది. ఎడమచేత్తో కోశాను. ఎక్కడా వంకర పోలేదు.