అడ్డుగోడకు చెప్పిన సినిమా

అంతోనయ్య నోరు మూసుకుని సినిమా చూసిన పాపాన పోలేదు. తెర మీద హీరో తలుపు తీస్తే, తిరువూరు రేకుల హాల్లో నేల మీద కూర్చున్న అంతోనయ్య "తలుపు తీశాడు" అనేవాడు. హీరోయిన్ ఏడిస్తే "పమిటతో కళ్లొత్తుకుంటోంది, పసుపు చీర" అనేవాడు. సినిమా చూడబోతే నలుపు తెలుపు.

"మాకూ కళ్లున్నాయయ్యా" అని బెంచీల మీంచి రాయప్ప విసుక్కునేవాడు.

"మీకున్నాయిలే" అని అంతోనయ్య తన పని తాను చేసుకుపోయేవాడు.

పగలంతా సైకిళ్లకు పంచర్లు వేసుకునే మనిషి. షాపులో ఏమడిగినా తలూపడమే. హాల్లోకొస్తే ఈ నోరెక్కడిదో గేటు దగ్గరుండే హనుమయ్యకు అంతుపట్టేది కాదు. నోరు ఖాళీ లేకపోతే ఊరుకుంటాడేమోనని జంతికల పొట్లం కొనిచ్చాడు. అంతోనయ్య నములుతూనే "గుర్రమొచ్చింది" అన్నాడు. ముందు వరస మీద జంతికల వాన కురిసింది. ఫ్యాను కింద కుర్చీ ఇస్తా రమ్మన్నా కదల్లేదు. ఆడవాళ్ల వైపును వేరుచేసే నడుమెత్తు అడ్డుగోడ పక్కనే కూర్చోవాలి.

"ఆ గోడలో ఏముందయ్యా?"

"వీపు ఆనించుకోవచ్చు."

వీపు ఆనించగా హనుమయ్య ఏనాడూ చూడలేదు. నోరే ఆనించేవాడు.

రెడ్డిగూడెం తోటల మామిడి బళ్లు ఊళ్లో బారులు తీరిన ఓ వేసవిలో ఏడుపు సినిమా వచ్చింది. అయినవాళ్లు పట్టించుకోని ఓ గుడ్డిపిల్ల, ఆమెను ఆదరించే ముక్కూ మొహం తెలియని బాటసారి. ఆడవాళ్లు కొంగు తీసేలోపే అంతోనయ్య "ఇదిగో, ఏడ్చేస్తోంది" అనేసరికి హాలంతా నవ్వు. యజమాని దశరథరామయ్య గారు హనుమయ్యను పిలిచారు.

"ఏడవాల్సిన చోట నవ్వుతున్నారేంట్రా? ఈ పూట వాడు నోరు తెరిస్తే గెంటెయ్. లేదంటే నువ్వూ వాడి వెనకే వెళ్లు."

ఆ సాయంత్రం గేటు దగ్గర మేరమ్మ ఎప్పటిలాగే తగువేసుకుంది. తన చంటాణ్ణి ఎత్తుకోవడానికి, చనిపోయిన తోడికోడలి కూతురు రిబ్కాను వెంటబెట్టుకొస్తుంది. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు.

"దీనికి టికెట్టేంటన్నా, ఇదేం చూస్తుంది?"

హనుమయ్య ఎప్పటిలాగే వదిలేశాడు.

బొమ్మ పడీపడకముందే అంతోనయ్య మొదలెట్టాడు. పోనీలే, పోనీలే అనుకుంటూ హనుమయ్య ఆఖరిదాకా నెట్టుకొచ్చాడు. దశరథరామయ్య గారే వచ్చి తలుపు దగ్గర నిలబడేసరికి ఇక తప్పక టార్చి వేసుకుని వెళ్లాడు.

వెలుగు గోడ దాటి పడింది. అవతల రిబ్కా. ఒళ్లో చంటాడు నిద్రపోతున్నాడు. అందరూ తెరకేసి చూస్తుంటే, ఆ పిల్ల గోడ అంచుకు చెవి చేర్చి కూర్చుంది.

"ఆయనేం చేస్తున్నాడు బాబాయ్?"

తెర మీద బాటసారి మాటా పలుకూ లేకుండా పొలంగట్టు వెంట వెళ్లిపోతున్నాడు. సంగీతం కూడా ఆగిపోయింది. మొట్టమొదటిసారి అంతోనయ్యకు నోట మాట రాలేదు.

"ఆగాడు" అన్నాడు చివరికి. "వెనక్కి తిరిగాడు. వచ్చేస్తున్నాడు."

రాయప్ప లేచాడు. "ఎక్కడ తిరిగాడయ్యా? వాడి వీపేగా కనిపిస్తోంది?"

హనుమయ్య టార్చి వెలుగు రాయప్ప మొహాన కొట్టి, మెల్లగా గోడ అవతలికి తిప్పాడు.

"తిరిగాడు. నీకు కళ్లు లేవా?"

రాయప్ప ఆ పిల్లను చూశాడు. కూర్చున్నాడు. "అవునవును, తిరిగాడు. చేతిలో మామిడిపళ్లు కూడా ఉన్నాయి."

"రసాలు" అన్నారెవరో.

"పసుపు గొడుగు" అన్నారు తలుపు దగ్గర్నించి దశరథరామయ్య గారు.

మేరమ్మ చంటాణ్ణి తన ఒళ్లోకి తీసుకుంది.

బొమ్మ అయిపోయి తెర తెల్లబడినా హాల్లో ఒక్కడూ లేవలేదు. తలా ఒకటి తగిలిస్తూనే ఉన్నారు. అంతోనయ్యకు చిర్రెత్తుకొచ్చింది.

"కాస్త నోళ్లు మూసుకుని సినిమా చూడండయ్యా. పిల్ల వింటోంది."