నాగేశ్వర తీసేసిన రాత్రులు

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ధర్మవరంలో పట్టు గురించి కాక చుక్క గురించి బెంగపడే నేతగాడు నాగేశ్వర ఒక్కడే. యాభై ఆరేళ్ల మనిషి. పగలంతా మగ్గం ముందు కూర్చుంటాడు. పొద్దు గూకితే బత్తలపల్లె దారిలో నల్లప్ప అనే రైతు చేనికి చేరుకుంటాడు. అక్కడొక రేకుల షెడ్డు వేసుకున్నాడు. పైరేకులు పక్కకు తోస్తే టెలిస్కోపూ, దానికి బిగించిన కెమెరా బయటపడతాయి. ఆ నేలలో వేరుసెనగ ఎండినా ఆకాశం మాత్రం ఏటా బాగానే పండుతుంది.

ఆయన చూసేది మన పాలపుంతకు పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీలో ఒకే ఒక్క చుక్కను. అది నెలకోసారి ఉబ్బి కుంచించుకుపోతుంది. దాంతోపాటు వెలుగు కొద్ది రోజుల్లోనే చకచకా ఎక్కి, తక్కిన రోజులంతా నింపాదిగా దిగుతుంది. ఏ రోజు ఎంత వెలగాలో చూపే గీత ఒక పాత పుస్తకంలో ఉంది. చుక్క ఉత్త కంటికి ఆనదు. గంటల తరబడి తీసిన ఫోటోలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే నలుసంత కనబడుతుంది. దాన్ని వెలుగు మారని పక్క చుక్కలతో పోల్చి, ఎంతుందో రాసుకోవాలి. రంగేసిన పట్టుపోగును ఒక లేత పోగుకూ ఒక ముదురు పోగుకూ మధ్య పెట్టి చూసే మనిషికి ఇదేమంత కొత్త విద్య కాదు.

భార్య కదిరమ్మ పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. "ఏమప్పా, నీ చుక్క ఈ పొద్దు యాడికొచ్చినాది?" అని నల్లప్ప అడుగుతాడు గానీ జవాబు వినకుండానే బోరు మోటారు వైపు పోతాడు. నీళ్ల గోల నీళ్లది, ఆయన తప్పేం లేదు. కానీ చూసింది చెప్పుకునే దిక్కు లేకపోతే ఎంత సంతోషమైనా గొంతులోనే ఉండిపోతుంది. అందుకే నాగేశ్వర మూడేళ్ల లెక్కలతో చుక్క వెలుగు ఎక్కిదిగే తీరును తానూ ఒక గీతగా గీసి, అనంతపురంలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే ఐశ్వర్య దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె సరేనంటే అది ప్రపంచంలోని పరిశీలకులంతా చూసే రికార్డులో చేరుతుంది. తన చుక్కను తనతోపాటు చూసేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతారు. అంతకుమించి ఆయన ఏమీ కోరుకోలేదు.

ఐశ్వర్య ఆ కాగితాన్ని పుస్తకంలోని గీతతో పోల్చి చూసింది.

"పుస్తకంలో గీత మీద పెడితే వెంట్రుకవాసి గూడా తేడా లేదన్నా," అంది.

నాగేశ్వర ముఖం విప్పారింది.

"అదే నా భయం," అంది ఐశ్వర్య. "ఒక్క రాత్రి గూడా లెక్క తప్పలేదా?"

"తప్పినాయి మేడం. పదకొండు రాత్రులు. తీసేసినా."

ఆయన దాచలేదు, దాచాలని తోచలేదు కూడా. డిజైను కాగితం ముందు పెట్టుకుని నేసేవాడు, దానికి కుదరని పోగు కనిపిస్తే కత్తిరిస్తాడు. తప్పుపోగున్న చీర గడప దాటితే పరువు పోతుంది. నలభై ఏళ్లుగా మగ్గం మీద చేసిన పనే ఇక్కడా చేశాడు.

"ఎట్ల తప్పినాయి?"

"పుస్తకం చెప్పినదానికన్నా మసగ్గా ఉండినాయి. మన గాలిలో దుమ్మెక్కువ కదా మేడం."

"అన్నీ మసగ్గానేనా? ఏ రోజులవి?"

"అన్నీ అంతే. చుక్క వెలుగెక్కే రోజులవి."

"దుమ్మయితే పక్క చుక్కలు గూడా మసకబారాల కదన్నా."

నాగేశ్వర ఆ రాత్రుల లెక్కను మనసులో తిరగేశాడు. పక్క చుక్కలతో పోల్చి రాసిన లెక్కలో దుమ్ముకు చోటెక్కడిది? ఆ పదకొండు రాత్రులూ పక్క చుక్కలు ఎప్పటిలాగే ఉన్నాయి. పోగు పక్కన పోగు పెట్టి చూసే తనకు ఇది తెలియకపోవడమేమిటని సిగ్గుతో తల వంచుకున్నాడు.

"చుక్కే కొంచెం ఆలస్యంగా ఎక్కుతాండాదేమో," ఐశ్వర్య నెమ్మదిగా అంది. "పుస్తకం రాసిన నాటికీ ఇప్పటికీ దాని నడక మారిండొచ్చు. ఆ ఫోటోలు ఇయ్యండన్నా, చూద్దాం."

"తుడిపేసినా మేడం. తప్పుపోగు ఇంట్లో పెట్టుకోము."

ఆమె కాగితం మడిచి ఆయన చేతికిచ్చింది. మళ్లీ మొదటినుంచి చూడమంది, ఈసారి ఏదీ తీసేయొద్దంది. ఆయన తలూపి బస్టాండుకు నడిచాడు.

బస్సులో ఆయన పక్కసీటు ఖాళీగానే ఉంది. మూడేళ్లుగా తన మాట వినే మనిషి లేడని ఎంతగానో కుమిలిపోయాడు. ఇరవై అయిదు లక్షల ఏళ్లు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు పదకొండుసార్లు చెప్పిన మాటను మాత్రం, పుస్తకంలో లేదని, తానే వినలేదు.