విజిల్ రాని కుక్కర్

"వంట జేస్తున్నవో పండుకున్నవో మాకెట్ల తెల్వాలె?" అంది మా అత్తమ్మ. కొత్త కరెంటు కుక్కర్ విజిల్ వేయదని ఆమె కోపం. పప్పు పోసి మీట నొక్కితే ఉడికాక అదే ఆగిపోతుంది. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చే నాకు పొయ్యి దగ్గర నిలబడే పని తప్పింది. ఆ నేరానికి దాన్ని చేవెళ్లలో కొన్న దుకాణంలోనే తిరిగిచ్చేయమంది. పళ్లు నూరుకుంటూ మొయినాబాద్‌లో చేవెళ్ల బస్సెక్కాను.

పక్కన ఖాళీ పూలగంపతో ఒక అవ్వ కూర్చుంది. ఒళ్లో డబ్బా ఏమిటని అడిగితే అంతా కక్కేశాను.

"ఉడికేదాక ఏం జేస్తవ్ బిడ్డా?"

"వంటింటి తలుపు దగ్గరికేసి, కుర్చీల నిద్రపోత అవ్వా."

ఆమెకు నా మీదే కోపం వచ్చింది. "దొంగతనం జేస్తున్నవా? రాత్రంత పనిజేసి వచ్చి పండుకుంటున్న అని చెప్పనీకి నోరు లేదా?"

చేవెళ్లలో దిగి, డబ్బాతోనే ఎదురు బస్సెక్కాను. ఆమె పేరైనా అడగలేదు.

మర్నాడు పొద్దున కుక్కర్ మీట నొక్కి, హాల్లో అత్తమ్మ ఎదురుగానే చాప పరుచుకున్నాను.

"మరి వంటెవరు జేస్తున్నరు?" అంది.

"నేనే," అని కళ్లు మూసుకున్నాను.